రూటింగ్ టేబుల్‌లో కనిపించే టైమ్ ఎవరిది? తరచుగా అడిగే ప్రశ్నలు

సొంత ఏఎస్ నంబరు (ఇంటర్నెట్‌లో ఒక్కో నెట్‌వర్క్‌కి ఇచ్చే గుర్తింపు సంఖ్య) తీసుకుని ఇంటర్నెట్ ఇచ్చే చిన్న ఆపరేటర్లు కోనసీమలోనూ ఉన్నారు, భీమవరం, పాలకొల్లు వైపూ ఉన్నారు. రాత్రి లింకు పడిపోతే తెల్లారి అందరం చేసే పని ఒకటే. రూటింగ్ రికార్డులు చూపించే రైప్‌స్టాట్ వెబ్‌సైట్ తెరిచి, మన ప్రిఫిక్స్ (మన ఐపీ అడ్రసుల గుంపు) కొట్టి, రూట్, అంటే ఆ అడ్రసులకి చేరే దారి, ఎప్పుడు పోయిందో ఎప్పుడు వచ్చిందో చూస్తాం. అక్కడ ఒక టైమ్ కాదు, నాలుగైదు కనిపిస్తాయి. ఏది దేనికో తెలియక ఫోన్ చేస్తారు. అలా పదేపదే వచ్చిన ప్రశ్నలు ఇక్కడ రాస్తున్నాను. ఉదాహరణల్లో 203.0.113.0/24, ఏఎస్ 64500 అని రాసినవి ఉదాహరణల కోసమే పక్కన పెట్టిన నంబర్లు. అవి ఏ కంపెనీవీ కావు.

రైప్‌స్టాట్‌లో 15:14 అని ఉంది. అంటే మధ్యాహ్నం మూడుంపావు అనుకోవచ్చా?

కాదండీ, రాత్రి 8:44. రూటింగ్ డేటా దాచే చోట్లన్నీ యూటీసీలోనే (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయం) రాస్తాయి. మన టైమ్ కావాలంటే ఐదున్నర గంటలు కలపాలి. ఆ ఐదున్నర పుట్టింది మన పక్కనే. దేశమంతటికీ గడియారం లెక్క కట్టే 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం కాకినాడకీ తునికీ మధ్యలోంచి వెళ్తుంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున 330 నిమిషాలు, అంటే ఐదున్నర గంటలు.

గంటలు కలపడం అందరికీ వచ్చు. తప్పు దొర్లేది తేదీ దగ్గర. యూటీసీలో 18:30 అయిందంటే మనకి మర్నాడు మొదలైనట్టే. దీనికి నేనెప్పుడూ చెప్పే ఉదాహరణ 2008 నాటి యూట్యూబ్ సంగతి. పాకిస్తాన్ టెలికం, ఏఎస్ 17557, యూట్యూబ్‌కి చెందిన 208.65.153.0/24ని తన దగ్గరున్నట్టు ప్రపంచానికి ప్రకటించింది. రికార్డుల్లో అది 2008 ఫిబ్రవరి 24, 18:47. మన గోడ గడియారంలో అప్పటికి 25వ తేదీ వచ్చేసింది, అర్ధరాత్రి దాటి 12:17. యూట్యూబ్ అదే /24ని తానూ ప్రకటించింది 20:07కి, మనకి 1:37. దాన్ని రెండు /25 ముక్కలుగా ప్రకటించింది 20:18కి, మనకి 1:48. పాకిస్తాన్ టెలికంకి పైనుంచి ఇంటర్నెట్ ఇచ్చే పీసీసీడబ్ల్యూ ఆ ప్రకటనల్ని ఆపేసింది 21:01కి, మనకి తెల్లవారుజామున 2:31. మన లెక్కలో కథంతా 25వ తేదీదే. కానీ లోకమంతా దాన్ని 24 అనే రాస్తుంది. మన తేదీతో రాసుకున్న లాగ్‌లో 24 అని వెతికితే ఒక్క వరసా దొరకదు.

అసలు ఆ టైమ్ రాసేది ఎవరు? మన రూటరా?

ఇది తెలిస్తే మిగతా ప్రశ్నలు సగం తేలిపోతాయి. రూటర్లు దారులు చెప్పుకునే భాష బీజీపీ. దాని సందేశంలో టైమ్ ఉండదు. మన రూటర్ పక్క రూటర్‌కి పంపే అప్‌డేట్‌లో మూడే సంగతులుంటాయి: వెనక్కి తీసుకుంటున్న రూట్లు, దారి వివరాలు, కొత్తగా ప్రకటిస్తున్న రూట్లు. ఎప్పుడు పంపామో రాయడానికి అందులో గడే లేదు.

పాతకాలం కార్డు ముక్క గుర్తుందా? మామయ్య తేదీ వేయకుండా రాసేవాడు. ఆయన ఎప్పుడు రాశాడో మనకి తెలీదు. అమలాపురం పోస్టాఫీసు వాళ్లు కొట్టిన ముద్ర చూసి, ఊరికి ఎప్పుడొచ్చిందో మాత్రం తెలిసేది. రూటింగ్ డేటాలో కనిపించే టైమ్ ఆ ముద్ర లాంటిది. సందేశం అందుకున్న మెషీన్, కలెక్టర్ అంటారు దాన్ని, తన గడియారం చూసి వేసుకున్నది. అందుకే ఏ టైమ్ చూసినా ముందు ఒక్కటి అడగండి: ఈ ముద్ర ఎవరు కొట్టారు, ఏం చూసి కొట్టారు?

ముద్ర కొట్టేది కలెక్టర్ అంటున్నారు. ఏ కలెక్టర్?

కలెక్టరేట్‌లో ఉండే కలెక్టర్ గారు కాదు. ప్రపంచంలో అక్కడక్కడా కొన్ని మెషీన్లు పెట్టి, వాటికి పెద్ద పెద్ద నెట్‌వర్క్‌లతో బీజీపీ సెషన్లు కట్టి, వచ్చిన ప్రతి సందేశాన్నీ రాసి దాచుతారు. వీటి మీదుగా ట్రాఫిక్ వెళ్లదు. వినడం, రాసుకోవడం, అంతే. ఈ పని చేసేవాటిలో మనకి తరచూ తగిలేవి రెండు. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి నడిచే రైప్ ఎన్‌సీసీ వారి రిస్ ఒకటి. అమెరికాలో ఒరెగాన్ విశ్వవిద్యాలయం మొదలుపెట్టిన రౌట్‌వ్యూస్ రెండోది.

రెండింటి పద్ధతీ ఒకటే, వేళలు వేరు. రిస్ ఎనిమిది గంటలకోసారి టేబుల్ (తెలిసిన రూట్లన్నిటి పట్టిక) మొత్తాన్ని ఫొటో తీసినట్టు దించుతుంది: యూటీసీ 00:00, 08:00, 16:00. మనకి పొద్దున్న 5:30, మధ్యాహ్నం 1:30, రాత్రి 9:30. మధ్యలో వచ్చే మార్పుల్ని ఐదేసి నిమిషాల ఫైళ్లుగా దాస్తుంది. రౌట్‌వ్యూస్ రెండు గంటలకోసారి టేబుల్ దించుతుంది, మార్పుల ఫైలు పదిహేను నిమిషాలది. ఈ వేళలు ఒక కాగితం మీద రాసి మానిటర్ పక్కన అంటించుకోండి. మా దగ్గర ఆ కాగితం పసుపురంగుకి తిరిగిపోయినా అక్కడే ఉంది.

'లాస్ట్ సీన్' ఆరు గంటల కిందటిది చూపిస్తోంది. మా రూట్ పోయిందా?

దీనికి టెన్షన్ పడి ఫోన్ చేసినవాళ్లే ఎక్కువ. వాట్సాప్‌లో లాస్ట్ సీన్ చూసీ చూసీ అలవాటైన కళ్లు కదా, ఆరు గంటల కిందట కనిపించాడంటే ఇప్పుడు లేడనే అనుకుంటాం.

ఇక్కడి లాస్ట్ సీన్ వేరు. రైప్‌స్టాట్‌లోని రూటింగ్ స్టేటస్ పేజీ రిస్ వారి ఎనిమిది గంటల టేబుల్ దింపుళ్ల మీద ఆధారపడి చెప్తుంది. మీరు చూసేది రాత్రి ఏడు గంటలకి అనుకోండి, దాని దగ్గరున్న చివరి ఫొటో మధ్యాహ్నం 1:30ది. ఆ ఫొటోలో మీ రూట్ ఉంది కాబట్టి లాస్ట్ సీన్ 08:00 అంటుంది. అదే జవాబులో 'క్వెరీ టైమ్' అని ఇంకో గడి ఉంటుంది, దానితో పోల్చండి. రెండూ ఒకటే అయితే, తీసిన చివరి ఫొటోలో మీరున్నట్టు. క్వెరీ టైమ్ కంటే లాస్ట్ సీన్ వెనకపడి ఉంటే అప్పుడు కంగారు పడండి.

ఫస్ట్ సీన్ కూడా ఇలాంటిదే. మీ ప్రిఫిక్స్ పాతది, మీకంటే ముందు ఇంకెవరైనా వాడారనుకోండి, ఫస్ట్ సీన్‌లో వాళ్ల ఏఎస్ నంబరు, వాళ్ల కాలం కనిపిస్తాయి. పక్కనే ఉన్న ఆరిజిన్ గడి (ప్రకటించిన ఏఎస్ ఏదో చెప్పేది) చూడకుండా తేదీ ఒక్కటే చదివితే, పుట్టకముందే వ్యాపారం పెట్టినట్టు లెక్క తేలుతుంది.

రాత్రి ఇరవై నిమిషాలు నెట్ పోయింది. రూటింగ్ హిస్టరీలో గీత ఎక్కడా తెగలేదు. డేటా తప్పా?

ధవళేశ్వరంలో వరద మట్టం చూడటం తెలిసినవాళ్లకి ఇది చెప్పడం తేలిక. పొద్దున్న రీడింగ్ 11.50 అడుగులు, సాయంత్రం రీడింగ్ 11.60 అనుకోండి. మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 దగ్గర ఇస్తారు. ఈ రెండు అంకెలే చూసినవాడు నీరు హెచ్చరిక మట్టం తాకలేదంటాడు. మధ్యాహ్నం 11.80కి ఎక్కి దిగిందేమో ఆ రెండు అంకెలు చెప్పవు. గంట గంటకీ రాసుకున్న పుస్తకం తిరగేయాలి.

టేబుల్ దింపుళ్లు ఆ రెండు రీడింగుల లాంటివి. రాత్రి 9:30కి ఒకటి, పొద్దున్న 5:30కి ఒకటి. మీ రూట్ 11 గంటలకి పోయి 11:20కి వస్తే రెండు ఫొటోల్లోనూ మీరున్నారు, గీత తెగదు. ఆ ఇరవై నిమిషాలు దొరికేది మార్పుల ఫైళ్లలోనే. రైప్‌స్టాట్‌లో అయితే బీజీపీప్లే గానీ అప్‌డేట్స్ చూపించే పేజీ గానీ తెరవాలి.

తలకిందులు కూడా జరుగుతుంది. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్, వాట్సాప్ ఆగిపోయిన రాత్రి గుర్తుంది కదా, మనకి భోజనాల వేళ. ఫేస్‌బుక్ డీఎన్‌ఎస్ సర్వర్లు (సైటు పేరుకి అడ్రసు చెప్పేవి) ఉన్న రూట్లు 15:40 ప్రాంతంలో మాయమయ్యాయి, మనకి రాత్రి 9:10. తిరిగి రావడం 21:00 దాటాక, మనకి తెల్లవారుజామున రెండున్నర దాటాక. ఆరు గంటల లోపు వ్యవహారం. ఇప్పుడు రిస్ ఫొటోలు మాత్రమే ఉన్నాయనుకోండి: 08:00లో రూట్ ఉంది, 16:00లో లేదు, 00:00లో మళ్లీ ఉంది. ఈ మూడింటిని బట్టి చూస్తే, పోయింది ఐదు నిమిషాలైనా కావచ్చు, పదహారు గంటలకి కాస్త తక్కువైనా కావచ్చు. రూటింగ్ హిస్టరీలో గీత 08:00 దగ్గర ముగిసిందంటే రూట్ 08:00కి పోయిందని కాదు. 08:00 తర్వాత, తర్వాతి ఫొటో లోపు ఎప్పుడో పోయిందని.

టేబుల్ ఫైల్ విప్పితే ఒకే రూట్‌కి రెండు టైమ్‌లు వస్తున్నాయి. ఏది నమ్మాలి?

రెండూ నిజమే. రెండూ వేరు వేరు సంగతులు చెప్తున్నాయి.

ఈ ఫైళ్లు ఎమ్‌ఆర్‌టీ అనే పద్ధతిలో ఉంటాయి. 2011లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 6396 అనే ప్రమాణ పత్రం దాని లెక్కలు చెప్తుంది. ప్రతి రికార్డుకీ ముందు 12 బైట్ల తల ఉంటుంది, అందులో మొదటి నాలుగు బైట్లు టైమ్. టేబుల్ ఫైల్‌లో అది రికార్డు రాసిన టైమ్, అంటే ఫొటో తీసిన టైమ్. లోపల ఒక్కో పీర్ (కలెక్టర్‌తో సెషన్ ఉన్న నెట్‌వర్క్) చెప్పిన రూట్ పక్కన ఇంకో నాలుగు బైట్ల టైమ్ ఉంటుంది. దాని పేరు ఆరిజినేటెడ్ టైమ్. ఆ రూట్‌ని ఆ పీర్ దగ్గర్నుంచి కలెక్టర్ ఎప్పుడు విన్నదో అది చెప్తుంది.

ఈ ఫైళ్లు విప్పే బీజీపీడంప్ ప్రోగ్రామ్ వాడేవాళ్లకి: నిలువు గీతలతో విడగొట్టిన వరసలో రెండో గడి టైమ్. మామూలుగా నడిపితే అందులో ఫొటో టైమ్ వస్తుంది, అందుకే లక్షల వరసల్లో ఒకే అంకె కనిపించి విసుగొస్తుంది. హైఫన్ టీ (-t) అనే ఆప్షన్ పక్కన 'చేంజ్' (change) అని ఇస్తే అదే గడిలో, రూట్ చివరిసారి మారిన టైమ్ వస్తుంది. ఇద్దరు ఒకే ఫైల్ విప్పి వేరు వేరు టైమ్‌లు చెప్తూ వాదించుకుంటుంటే ముందు ఈ ఆప్షన్ అడగండి.

ఆ పేరు దగ్గర ఒక మోసం ఉంది. ఆరిజినేటెడ్ అని చదవగానే మనం రూట్ పుట్టిన టైమ్ అనుకుంటాం. కాదు. కలెక్టర్‌కీ ఆ పీర్‌కీ మధ్య సెషన్ ఒకసారి తెగి అతుక్కుంటే, పీర్ తన టేబుల్ మొత్తం మళ్లీ చదివి వినిపిస్తుంది. అప్పుడు పదేళ్లుగా కదలని రూట్‌కి కూడా కొత్త టైమ్ పడుతుంది. 203.0.113.0/24కి ఒక పీర్ దగ్గర మూడు నెలల కిందటి టైమ్, ఇంకో పీర్ దగ్గర నిన్న మధ్యాహ్నం టైమ్ ఉంటే, నిన్న ఏఎస్ 64500 ఏదో చేసిందని తేల్చెయ్యకండి. ఆ రెండో పీర్ చెప్పిన మిగతా రూట్లు చూడండి. అన్నిటికీ నిన్న మధ్యాహ్నమే ఉంటే సెషన్ తెగిందన్నమాట. మీ రూట్ ఒక్కదానికే ఉంటే అప్పుడు మీ దగ్గర వెతకండి.

ఒకే నిమిషంలో లక్షల అప్‌డేట్లు కనిపించాయి. ఎవరైనా దాడి చేశారా?

చాలావరకు పైన చెప్పిన సంగతే. ఐపీవీ4 టేబుల్ ఇప్పుడు పది లక్షల రూట్ల దరిదాపుల్లో ఉంది. సెషన్ తిరిగి నిలబడితే అవన్నీ కొద్ది నిమిషాల్లో కురుస్తాయి. అదే ఫైల్‌లో, దానికి కాస్త ముందు, ఆ పీర్ పేరు మీద, సెషన్ పడి లేచిన సంగతి రాసే 'స్టేట్' రికార్డు ఉందేమో చూడండి. ఉంటే అది టేబుల్ మళ్లీ వినిపించడమే.

మా రూటర్‌లో 03:12:05 అని ఉంది. ఇది కూడా యూటీసీయేనా?

అది గడియారం టైమే కాదు, వయసు. బీజీపీ సమ్మరీలో అప్-డౌన్ అనే నిలువు వరస, సెషన్ నిలబడి (లేదా పడిపోయి) ఎంతసేపైందో చెప్తుంది. మూడు గంటల పన్నెండు నిమిషాల ఐదు సెకన్లు. ఒక రోజు దాటితే రోజులూ గంటలూ, వారం దాటితే వారాలూ రోజులూ చూపిస్తుంది. వారాల్లోకి వచ్చాక నిమిషాలు దానిలోంచి లాగలేరు, లాగ్ చూడాల్సిందే.

వయసులో ఒక సుఖం ఉంది, టైమ్ జోన్ గొడవ లేదు. ఒక కష్టమూ ఉంది, మీరు ఎప్పుడు చూశారో రాసుకోకపోతే రేపటికి అది పనికిరాదు. స్క్రీన్‌షాట్ తీసేముందు క్లాక్ చూపించే కమాండ్ కూడా కొట్టి, రెండూ ఒకే బొమ్మలో పడేలా తీయండి.

మా లాగ్‌లో టైమ్ ముందు నక్షత్రం గుర్తు (*) ఉంది, తేదీ మార్చి 1 అని ఉంది. ఇప్పుడు ఆగస్టు కదా?

సిస్కో రూటర్ అయితే ఆ నక్షత్రం గుర్తుకి అర్థం 'నా గడియారం సరైనదని నేను చెప్పలేను' అని. టైమ్ దగ్గర ఉత్త చుక్క ఉంటే, గడియారం ఒకప్పుడు సరిచేసిందే గానీ ఇప్పుడు ఎన్‌టీపీ సర్వర్‌తో (నెట్ మీదుగా గడియారాలు సరిచేసేది) మాట్లాడటం లేదని. లోపల బ్యాటరీ గడియారం లేని పాత మోడళ్లు కరెంటు పోయి వస్తే మార్చి 1 నుంచి లెక్క మొదలుపెడతాయి. ఇన్వర్టర్ బ్యాటరీ చచ్చిన ప్రతి ఎండాకాలం మా దగ్గర ఇది జరిగేది.

నా సొంత కథ ఒకటి చెప్తాను. ఒక జూలై, గోదావరి పోటు మీద ఉంది. కాలువ గట్టు మీద పొక్లెయిన్ పనిచేస్తూ ఫైబర్ తెంపేసింది. రొయ్యల చెరువుల దగ్గర కెమెరాలు పెట్టుకున్న ఆసాములు ఒకరి తర్వాత ఒకరు ఫోన్లు. మా లైన్‌మేన్‌ని ఎప్పుడు పోయిందయ్యా అంటే, "ఆయ్, చీకటి పడ్డాక పోయిందండీ" అన్నాడు. నేను ఆ మాట పట్టించుకోలేదు. రూటింగ్ డేటా తెరిస్తే మా రూట్ వెనక్కి తీసుకున్నది 15:14 అని ఉంది. అప్‌స్ట్రీమ్ వాళ్లకి, అంటే మాకు పైనుంచి ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీకి, టికెట్ (ఫిర్యాదు) పెట్టాను, మధ్యాహ్నం 3:14కి మీ వైపు లింకు పోయింది అని. వాళ్లు తమ లాగ్‌లో మధ్యాహ్నం 3:14 వెతికి, ఏమీ లేదు అని టికెట్ మూసేశారు. మా రూటర్ లాగ్ చూద్దామంటే అది మార్చి 1 అంటోంది. రెండు రోజులు నువ్వంటే నువ్వని మెయిళ్లు నడిచాక, వాళ్ల ఇంజినీర్ ఫోన్‌లో "ఏవండీ, మాకు రాత్రి 8:44కి ఒకటి కనబడుతోంది, అది కాదు కదా?" అన్నాడు. అదే. లైన్‌మేన్ ఒక్కడే సరిగ్గా చెప్పాడు.

ఆ రోజు నుంచి మా రూటర్లు, స్విచ్‌లు, ఓఎల్‌టీ (ఇళ్లకి ఫైబర్ పంచే పెట్టె) అన్నీ ఎన్‌టీపీ మీదే. ఇది ఇష్టాయిష్టాల సంగతి కూడా కాదు. 2022 ఏప్రిల్ 28న దేశ సైబర్ భద్రత సంస్థ సర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సర్వీస్ ప్రొవైడర్లు తమ గడియారాల్ని ఎన్‌ఐసీ లేదా ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల ఎన్‌టీపీ సర్వర్లతో, లేదా వాటికి ముడిపడిన సర్వర్లతో సరిచూసుకోవాలి. లాగ్‌లు 180 రోజులు దాచాలి.

ఎన్‌టీపీ పెట్టాం. అయినా ఫైబర్ తెగిన టైమ్‌కీ కలెక్టర్ టైమ్‌కీ మూడు నిమిషాలు తేడా. ఎందుకు?

పోర్ట్ డౌన్ అయితే రూటర్‌కి వెంటనే తెలుస్తుంది. మధ్యలో స్విచ్చో మీడియా కన్వర్టరో ఉండి, దాని అవతల తెగితే మన పోర్ట్ దీపం వెలుగుతూనే ఉంటుంది. అప్పుడు రూటర్ హోల్డ్ టైమ్ (అవతలి రూటర్ నుంచి మాట రాకపోయినా ఆగే గడువు) అయిపోయేదాకా ఎదురు చూస్తుంది. సిస్కోలో మామూలుగా 180 సెకన్లు, జునిపర్‌లో 90. నా కథలో అదే జరిగింది. తెగింది 8:41కి, రూట్ పోయింది 8:44కి.

ఆ తర్వాత కబురు ఊళ్లు దాటాలి. ఒక్కో నెట్‌వర్క్ వరసగా అప్‌డేట్లు పంపకుండా కొంత ఆగి పంపుతుంది, ప్రమాణం సూచించే విరామం బయటి పీర్లకి 30 సెకన్లు. పైగా రూట్ పోయినప్పుడు వార్త ఒక్కసారిగా చేరదు. ఈ దారి లేదు అనగానే రూటర్లు తమ దగ్గరున్న పాత, పొడుగు దారుల్ని ఒక్కొక్కటే ఎత్తి చూస్తాయి, అవీ లేవని తెలిశాక వదిలేస్తాయి. అందుకే కొత్త రూట్ వచ్చిన వార్త కంటే పోయిన వార్త ఆలస్యంగా సద్దుమణుగుతుంది. భద్రాచలంలో పెరిగిన నీరు ధవళేశ్వరం చేరడానికి గంటలు పట్టినట్టే, అక్కడి టైమ్‌నీ ఇక్కడి టైమ్‌నీ ఒకటే అనుకోకూడదు.

కొన్ని ఫైళ్లలో మైక్రోసెకన్ల దాకా టైమ్ ఉంటుంది. ఒకే కలెక్టర్‌లో ఏది ముందు ఏది వెనక అని చూడటానికి బాగుంటుంది. రెండు కలెక్టర్ల మైక్రోసెకన్లు పక్కపక్కన పెట్టి నేరం ఎవరిదో తేల్చడం మాత్రం వద్దు.

నెట్ పోయింది, కానీ మార్పుల ఫైళ్లలో కూడా ఏమీ లేదు?

మీ లోపలి ఫైబర్ తెగితే బయటి ప్రపంచానికి రూట్ మారదు. మీ ప్రిఫిక్స్‌ని అప్‌స్ట్రీమ్ తన దగ్గరే స్టాటిక్‌గా (లింకు ఉన్నా పోయినా మారకుండా) పెట్టి ప్రకటిస్తున్నా మారదు. ఇది దారి ప్రకటన డేటా, ట్రాఫిక్ డేటా కాదు.

టైమ్ గడిలో పది అంకెల సంఖ్య ఉంది. ఎలా చదవాలి?

1970 జనవరి 1, యూటీసీ అర్ధరాత్రి నుంచి గడిచిన సెకన్లు. పది అంకెలైతే సెకన్లు, పదమూడు అంకెలైతే మిల్లీసెకన్లు, వెయ్యితో భాగించాలి. ఎక్సెల్‌లో 86400తో భాగించి 25569 కలిపి, ఆ గడికి తేదీ ఫార్మాట్ ఇస్తే యూటీసీ వస్తుంది. మన టైమ్ కావాలంటే భాగించే ముందే 19800 కలపండి. యూట్యూబ్ ఉదాహరణతో సరిచూసుకోండి: 1203878820 పెడితే 2008 ఫిబ్రవరి 24, 18:47 రావాలి. 19800 కలిపితే 25వ తేదీ 00:17.

మీ తెర మీద ఎక్కడైనా 1970 జనవరి 1, ఉదయం 5:30 అని కనిపిస్తే కంగారు వద్దు. అక్కడ సున్నా ఉందని, అంటే టైమే లేదని అర్థం.

సొంతంగా డ్యాష్‌బోర్డ్ చేసుకునే కుర్రాళ్లకి ఒక మాట. రైప్‌స్టాట్ ఇచ్చే టైమ్ చివర యూటీసీ అని తెలిపే జెడ్ అక్షరం చాలాసార్లు ఉండదు. దాన్ని అలాగే జావాస్క్రిప్ట్‌కి ఇస్తే అది లోకల్ టైమ్ అనుకుంటుంది. తప్పు సరిగ్గా ఐదున్నర గంటలు ఉంటుంది, గ్రాఫ్ అందంగానే వస్తుంది, కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. జెడ్ మీరే తగిలించండి.

నిన్న రాత్రి 8 నుంచి 10 వరకు డేటా అడగాలి. ఏ టైమ్ ఇవ్వాలి?

14:30 నుంచి 16:30 అని ఇవ్వాలి, కానీ నేనైతే 14:00 నుంచి 17:00 అడుగుతాను. ముందు ఏముందో తెలియకపోతే ఏం మారిందో తెలియదు. ఫైళ్లు దింపుకుంటే పేరులో ఉన్న టైమ్ ఆ ఫైల్ మొదలైన టైమ్. రిస్‌లో 1510 అని ఉన్న అప్‌డేట్ ఫైల్‌లో 15:10 నుంచి 15:15 లోపు మార్పులుంటాయి. కాబట్టి నా 15:14 అందులోనే దొరుకుతుంది, 1515లో దొరకదు. రౌట్‌వ్యూస్ అయితే 1500 ఫైల్ తెరవాలి.

టైమ్ ఇవ్వకుండా అడిగితే రైప్‌స్టాట్ తనకి తోచిన చివరి టైమ్ తీసుకుంటుంది. జవాబులో మొదలు, ముగింపు, దగ్గరున్న తాజా డేటా టైమ్ రాసి ఇస్తుంది. అవి చదివాకే కిందకి వెళ్లండి.

టీమ్ కుమ్రి (Team Cymru) అనే సంస్థ హూయిజ్‌లో (ఏ అడ్రసు ఎవరిదో చెప్పే సేవ) మా ప్రిఫిక్స్ పక్కన ఎప్పటిదో పాత తేదీ ఉంది. అప్పుడు మేం లేము కదా?

అది ఆ అడ్రసులు రిజిస్ట్రీ నుంచి కేటాయించిన తేదీ. ప్రకటించిన తేదీ కాదు. అలాగే హూయిజ్ రికార్డుల్లో 'లాస్ట్ మాడిఫైడ్' అంటే ఎవరో ఆ రికార్డు దిద్దిన టైమ్. ఫోన్ నంబరు మార్చినా అది మారుతుంది.

ఇదంతా సరిగ్గా అర్థమైందో లేదో పరీక్షించుకునే దారి ఉందా?

ఉంది, సరదాగా కూడా ఉంటుంది. రిస్ వాళ్లు బీకన్లు అనే ప్రిఫిక్స్‌లు కొన్ని నడుపుతారు. యూటీసీ 00:00కి ప్రకటిస్తారు, 02:00కి వెనక్కి తీస్తారు, 04:00కి మళ్లీ ప్రకటిస్తారు, రోజంతా అలాగే. మనకి 5:30కి రావాలి, 7:30కి పోవాలి. మీ లెక్కలో అలా రాకపోతే ఎక్కడో ఐదున్నర గంటలు తప్పారు.

ఇందాక బీజీపీలో టైమ్ ఉండదన్నాను కదా, ఈ బీకన్లలో దొంగదారిన పెడతారు. అగ్రిగేటర్ అనే గడిలో ఉండే ఐపీ అడ్రసు 10తో మొదలవుతుంది, మిగతా మూడు అంకెల్లో ఆ నెల మొదలైనప్పటి నుంచి గడిచిన సెకన్లు దాస్తారు. 10.18.173.64 అని ఉందనుకోండి. 18ని 65536తో, 173ని 256తో గుణించి, 64 కలిపితే 1224000 సెకన్లు. 86400తో భాగిస్తే 14 రోజులు పోగా 14400 సెకన్లు మిగులుతాయి. నెలలో 15వ తేదీ, 04:00, మనకి పొద్దున్న 9:30. ప్రకటన చేసినవాడి టైమ్ ఇది, పక్కనే కలెక్టర్ కొట్టిన ముద్ర ఉంటుంది. రెండింటి తేడా చూస్తే కబురు చేరడానికి ఎంత పట్టిందో తేలుతుంది. 15వ తేదీ టైమ్‌తో ఉన్న బీకన్ 17వ తేదీ టేబుల్‌లోనూ కనిపిస్తే, ఎప్పుడో వెనక్కి తీసిన రూట్‌ని ఎవరో రూటర్ ఇంకా వదల్లేదని. అలాంటివాటిని జాంబీలు అంటారు.

అప్‌స్ట్రీమ్‌కి టికెట్ పెట్టేటప్పుడు టైమ్ ఎలా రాయాలి?

రెండూ రాయండి, ఒకదాని పక్కన ఒకటి, తేదీతో సహా. ముద్ర ఎవరిదో కూడా రాయండి. నేనిప్పుడు ఇలా పెడతాను:

'203.0.113.0/24, ఏఎస్ 64500. మా రూటర్ లాగ్‌లో సెషన్ పడింది 12వ తేదీ 20:44:06 ఐఎస్‌టీ, అంటే 15:14:06 యూటీసీ. రూటర్ ఎన్‌టీపీతో సరిగ్గానే ఉంది. రిస్ కలెక్టర్ ఆర్‌ఆర్‌సీ00లో మొదటి ఉపసంహరణ 15:14:31 యూటీసీ, 15:10 అప్‌డేట్ ఫైల్‌లో. ఫైబర్ తెగినట్టు మా లైన్‌మేన్ చెప్పినది 20:41 ప్రాంతంలో, అది ఆయన ఫోన్ టైమ్.'

ఈ పద్ధతి మొదలుపెట్టాక లైన్‌మేన్‌కి కూడా ఒక పని తగిలించాం. స్తంభం ఎక్కేముందు తెగిన చోటు ఫొటో తీసి గ్రూపులో పడేస్తాడు. ఆ ఫొటో టైమ్ మాత్రం ఎప్పుడూ మన టైమే.